వాఫిల్ మేకర్‌లో గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్: చీజ్ కారకుండా, బ్రెడ్ మాడకుండా

ఆన్‌లైన్ సేల్‌లో ముచ్చటపడి కొన్న వాఫిల్ మేకర్లు (గళ్ళ ప్లేట్ల మధ్య పిండి పోసి తీపి అట్లు కాల్చే మిషన్లు) చాలా ఇళ్ళలో నాలుగు ఆదివారాలు పనిచేసి అటకెక్కుతాయి. మైదా జల్లించి, గుడ్లు గిలక్కొట్టి, పిండి సరిగ్గా కుదిరిందో లేదో చూసుకునే ఓపిక ప్రతి వారం ఎవరికుంటుంది? అదే మిషన్‌లో రెండు బ్రెడ్ స్లైసుల మధ్య చీజ్ పెట్టి మూత వేస్తే, పిండి బాధ లేకుండా అయిదు నిమిషాల్లో సాయంత్రం టిఫిన్ అయిపోతుంది. రెండు వైపులా ఒకేసారి కాలుతుంది కాబట్టి అట్లకాడతో తిప్పే పని కూడా లేదు. గళ్ళ అంచులన్నీ కరకరలాడతాయి, గుంటలు మెత్తగా ఉంటాయి. పెనం మీద చేసిన శాండ్‌విచ్‌లో ఈ తేడా రాదు.

గ్రిల్డ్ చీజ్ అమెరికా ఇళ్ళ వంట. బ్రెడ్డుకు వెన్న రాసి, మధ్యలో చీజ్ పెట్టి పెనం మీద కాల్చడమే అసలు పద్ధతి. కరిగినా విరగని ప్రాసెస్డ్ చీజ్‌కు జేమ్స్ క్రాఫ్ట్ 1916లో అక్కడ పేటెంట్ తీసుకున్నాడు. మిషన్ మీద ముక్కలు కోసిన బ్రెడ్ మొదటిసారి 1928లో మిస్సోరీలోని చిల్లికోతీ ఊళ్ళో అమ్మకానికి వచ్చింది. రెండూ చవగ్గా, చేతికి అందేలా దొరకడంతో ఈ శాండ్‌విచ్ పిల్లలు కూడా చేసుకునేంత మామూలు తిండి అయిపోయింది.

వాఫిల్ మేకర్ దారి వేరు. అది జారుడు పిండి కోసం పుట్టిన పరికరం. పిండి తనంతట తాను ప్రతి గడిలోకీ పారుతుంది. బ్రెడ్ అలా పారదు, దాన్ని గళ్ళు నొక్కుతాయి. ఆ నొక్కుడుకు లోపలి చీజ్ పక్కలకు తోసుకొస్తుంది. చీజ్ బయటికి కారడం, బ్రెడ్ చిరిగిపోవడం, ఒక పక్క మాడి ఇంకో పక్క తెల్లగా మిగలడం, అన్నిటికీ మూలం ఇదే. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ నొక్కుడును అదుపులో పెట్టడానికే.

మిషన్ ఏదైతే మంచిది

బజారులో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి బెల్జియన్ రకం, గళ్ళు పెద్దవి, లోతైనవి. రెండోది గళ్ళు చిన్నగా, తక్కువ లోతుతో ఉండే మామూలు రకం. శాండ్‌విచ్‌కు నేనైతే రెండోదానికే ఓటేస్తాను. లోతైన గళ్ళ పళ్ళు మెత్తటి బ్రెడ్డును చీల్చి చీజ్ దాకా దిగిపోతాయి. మీ ఇంట్లో బెల్జియన్‌దే ఉంటే కొత్తది కొనక్కర్లేదు, చీజ్ కొంచెం తగ్గించి, బ్రెడ్ గట్టిది చూసుకుంటే చాలు. అరచేతి సైజులో ఉండే చిన్న గుండ్రటి మిషన్లూ ఉన్నాయి. వాటికి బ్రెడ్డును ఒక స్టీలు గిన్నె అంచుతో గుండ్రంగా కోసుకోవాలి. మిగిలిన అంచులను ఎండబెట్టి మిక్సీలో వేస్తే కట్‌లెట్లకు పొడి అవుతుంది.

కరెంటు గురించి ఒక మాట. 1000 వాట్ల లోపు మిషన్ అయితే మన 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే తీసుకుంటుంది, మామూలు సాకెట్ సరిపోతుంది. ఇండక్షన్ స్టవ్ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకే దీన్నీ తగిలించకండి. అమెరికా నుంచి అన్నయ్యో, కూతురో తెచ్చిన మిషన్ అయితే ప్లగ్ పెట్టేముందు అడుగున ఉన్న లేబుల్ చదవండి. 120 వోల్టులు అని మాత్రమే రాసుంటే దాన్ని ఇక్కడి సాకెట్‌లో నేరుగా పెట్టకూడదు. వోల్టేజి దాదాపు రెట్టింపైతే వేడి పుట్టించే తీగ లాగే కరెంటు కూడా రెట్టింపవుతుంది, అంటే వేడి దాదాపు మూడున్నర రెట్లు దాటుతుంది. తీగ కాలిపోవడం ఖాయం, ఒక్కోసారి మంటలూ రావచ్చు. చవగ్గా దొరికే ట్రావెల్ అడాప్టర్ ప్లగ్ ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని తగ్గించదు. వోల్టేజి తగ్గించే, తగిన సామర్థ్యమున్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనే డబ్బుతో ఇక్కడే ఒక మిషన్ వస్తుంది.

బ్రెడ్

తాజాగా వచ్చిన మెత్తటి మిల్క్ బ్రెడ్ ఇక్కడ పనికిరాదు. మూత పడగానే అప్పడంలా అణిగిపోతుంది. నిన్నటి బ్రెడ్ తీసుకోండి. కొంచెం తేమ తగ్గి ఉంటే గళ్ళ ఒత్తిడికి నిలబడుతుంది, త్వరగా ఎర్రబడుతుంది. ప్యాకెట్‌లో అమ్మే మామూలు శాండ్‌విచ్ బ్రెడ్డే చాలు. రొట్టె కొని ఇంట్లో కోసుకునేవాళ్ళు వేలెడంత లావు ముక్కలు కోయకండి. ముక్క మరీ లావైతే చీజ్‌కు వేడి చేరేలోపే పైన మాడుతుంది.

గోధుమ బ్రెడ్ బాగుంటుంది, కాకపోతే రంగు ముందే ముదురుగా ఉంటుంది కాబట్టి కాలిందా లేదా అని కంటితో తేల్చుకోవడం కష్టం, వాసనను నమ్ముకోవాలి. మల్టీగ్రెయిన్‌లో పైన అతికించిన గింజలు గళ్ళకు అంటుకుని ముందుగా మాడతాయి. తీపి బ్రెడ్, పండ్ల ముక్కలున్న బ్రెడ్ వద్దు. చక్కెర ఎక్కువైతే బ్రెడ్ కాలకముందే నల్లబడుతుంది, ప్లేటుకు అతుక్కుంటుంది.

చీజ్: ఏది కరుగుతుంది, ఏది కరగదు

మొదట పనీర్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది చీజ్ లేకపోతే పనీర్ పెట్టేస్తారు. పనీర్ కరగదు. చెడ్డర్, మోజరెల్లా లాంటి వాటిలో పాల ప్రోటీన్లను కాల్షియం పట్టి ఉంచుతుంది. వేడి తగలగానే ఆ పట్టు సడలి చీజ్ పారుతుంది. పనీర్ కోసం పాలను బాగా కాచి నిమ్మరసంతో విరగ్గొడతాం. పులుపుకు ఆ కాల్షియం చాలావరకు నీళ్ళలోకి పోతుంది, ప్రోటీన్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుంటాయి. అందుకే కూరలో ఎంత ఉడికినా పనీర్ ముక్క ముక్కగానే ఉంటుంది. శాండ్‌విచ్‌లో పనీర్ తురుము రుచికి వేసుకోవచ్చు, కానీ రెండు స్లైసులను కలిపి పట్టుకునే పని దానివల్ల కాదు.

మన కిరాణా కొట్లలో సులువుగా దొరికేది అమూల్ ప్రాసెస్డ్ చీజ్. స్లైస్ ఒక్కోటి 20 గ్రాములు, క్యూబ్ 25 గ్రాములు. ఇందులో కలిపే లవణాలు కొవ్వునూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతాయి. కాబట్టి శాండ్‌విచ్ కాల్చే వేడికి నూనె తేలదు, నున్నగా కరుగుతుంది. కానీ సాగదు. సాగాలంటే మోజరెల్లా కావాలి, దానికి మళ్ళీ సొంత రుచి తక్కువ. బాగా పాతబడిన చెడ్డర్‌కు రుచి గొప్పగా ఉంటుంది, కానీ వేడెక్కితే నూనె వదిలి గరుకుగా మిగులుతుంది. ఒకే చీజ్‌తో అన్నీ రావు. ఒక ప్రాసెస్డ్ స్లైస్, దానిమీద రెండు చెంచాల మోజరెల్లా తురుము కలిపితే చాలా బాగుంటుంది. చెడ్డర్ ఉంటే ఒక చెంచా తురుము చేర్చండి.

ఒక శాండ్‌విచ్‌కు మొత్తం చీజ్ 40 గ్రాములు దాటొద్దు. పెనం మీద అయితే 60 వేసినా ఏం కాదు, ఇక్కడ మాత్రం ఆ అదనమంతా గళ్ళలోకి పోయి మీరు రేపు గీకుతూ కూర్చోవాల్సిన పని అవుతుంది. క్యూబ్‌ను ముక్కలుగా పెట్టకండి, ఫ్రిజ్‌లోంచి తీయగానే గట్టిగా ఉన్నప్పుడు తురిమేయండి. తురుము సమంగా పరుచుకుంటుంది, త్వరగా కరుగుతుంది.

వెన్నా, నెయ్యా, మయొనైజా

కొవ్వును మిషన్ ప్లేటుకు కాకుండా బ్రెడ్డుకు రాయాలి. ప్లేటుకు రాస్తే అది గుంటల్లోకి జారి అక్కడే మాడుతుంది, బ్రెడ్ తగిలే ఎత్తు భాగాలు పొడిగా ఉండిపోతాయి. స్లైసుకు ఒక చిన్న చెంచా మెత్తటి వెన్న, బయటి వైపు, అంచుల దాకా. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్నతో గీరితే బ్రెడ్ చిరుగుతుంది, అరగంట ముందే బయట పెట్టండి.

బజారు వెన్నలో ఉప్పు ఉంటుంది, ప్రాసెస్డ్ చీజ్‌లోనూ ఉంటుంది. రెండూ కలిస్తే కొందరికి ఎక్కువవుతుంది, అలాంటప్పుడు ఉప్పులేని వెన్న వాడండి. ఇంట్లో చిలికిన వెన్న అయితే అందులో మిగిలిన మజ్జిగను పిండేయాలి, లేకపోతే ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా బ్రెడ్ ఎర్రబడదు. నెయ్యి త్వరగా మాడదు, అంటుకోదు, పని పరంగా వెన్న కంటే మెరుగు. కానీ నేతి వాసన చీజ్‌ను వెనక్కి నెట్టేస్తుంది, పైగా వెన్నలోని పాల అంశం ఎర్రబడినప్పుడు వచ్చే కమ్మదనం దానికి లేదు. సగం వెన్న, సగం నెయ్యి కలిపి రాయడం మంచి రాజీ.

మయొనైజ్ గురించి అడిగేవాళ్ళుంటారు. బయటి వైపు పలచగా రాస్తే రంగు వెన్నకంటే సమంగా వస్తుంది. గుడ్డు లేనిదైనా పనిచేస్తుంది. రుచి మాత్రం వెన్నదే, నా ఓటు మారదు.

డబ్బాలో వచ్చే నాన్‌స్టిక్ వంట స్ప్రే మాత్రం కొట్టకండి. అందులోని లెసిథిన్ అనే పదార్థం ప్లేటు మీద జిగురు పొరలా పేరుకుంటుంది, కడిగినా పోదు, ఆ తర్వాత అన్నీ అక్కడే అతుక్కుంటాయి.

పేర్చడం

వెన్న రాసిన వైపు కిందికి ఉండేలా ఒక స్లైసు పళ్ళెంలో పెట్టండి. చీజ్‌ను మధ్యలో పరచండి, నాలుగు అంచుల దగ్గరా వేలి వెడల్పు ఖాళీ వదలండి. స్లైస్ చీజ్ దాదాపు బ్రెడ్ అంత ఉంటుంది కదా, దాన్ని నాలుగుగా చింపి మధ్యకు జరిపి పెట్టండి. ఎంత అందంగా కనిపించినా అంచుల దాకా పెట్టొద్దు. వేడికి అది ఎలాగూ అంచులకు పారుతుంది, ఆ ఖాళీ అందుకే. పైన రెండో స్లైసు, వెన్న వైపు పైకి. అరచేత్తో ఒకసారి నెమ్మదిగా ఒత్తితే లోపలి గాలి పోయి స్లైసులు జారకుండా ఉంటాయి.

కాల్చడం

1. మూత మూసి, ఖాళీ మిషన్‌ను వేడెక్కనివ్వండి. లైటు వెలిగి రెడీ అని చూపించినా ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. లైటు చెప్పేది సెన్సర్ ఉన్న చోటి సంగతి, ప్లేటంతా ఇంకా సమంగా కాగి ఉండదు. వేడి తగ్గించి పెంచే మీట ఉంటే మధ్యలో పెట్టండి. వాఫిల్ పిండికి పెట్టేంత వేడి బ్రెడ్డుకు ఎక్కువ.

2. శాండ్‌విచ్‌ను ప్లేటు మధ్యలో పెట్టండి, కీలు వైపుకు నెట్టొద్దు. మూతను దాని బరువుతో దించి వదిలేయండి. లాక్ వేయొద్దు, చేత్తో అదమొద్దు. మొత్తం పద్ధతిలో ముఖ్యమైన నిమిషం ఇదే. మొదట్లో చీజ్ ఇంకా గట్టిగా, బ్రెడ్ ఇంకా బిరుసుగా ఉంటాయి. అప్పుడు అదిమితే బ్రెడ్ చిరుగుతుంది. నిమిషానికి వెన్న కరిగి, ఆవిరికి బ్రెడ్ మెత్తబడి, మూత తనంతట తనే ఒక మెట్టు దిగుతుంది.

3. ఆ తర్వాత మూతను సున్నితంగా కిందికి ఒత్తండి. లాక్ సులువుగా పడితే వేయండి, పడకపోతే పట్టుబట్టకండి.

4. మరో నిమిషానికి మూత తెరిచి చూడండి. చాలా మిషన్లలో కీలు దగ్గర ప్లేట్లు ముందుగా కలుస్తాయి, అక్కడ ఒత్తిడి ఎక్కువ, పిడి వైపు తక్కువ. కాబట్టి శాండ్‌విచ్‌ను చెక్క గరిటెతో లేపి, వెనక అంచు ముందుకు వచ్చేలా తిప్పి, అవే గుర్తుల్లో గళ్ళు కూర్చునేలా సర్దండి. తెరుస్తుంటే మూతకు అంటుకుని లాగుతున్నట్టు అనిపిస్తే బలవంతం చేయకండి. ఇంకో అరనిమిషం ఆగితే పైపొర గట్టిపడి తనే వదులుతుంది.

5. ఇంకో నిమిషంన్నర, రెండు నిమిషాలు కాలనివ్వండి. గడియారం కంటే ఆవిరిని చూడండి. పక్కల నుంచి దట్టంగా వచ్చే ఆవిరి పలచబడిందంటే పైపొరలో నీరు అయిపోయిందని అర్థం. నీరున్నంతసేపు బ్రెడ్ ఉపరితలం నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రబడటానికి 140 డిగ్రీల పైన వేడి కావాలి. ఆవిరి తగ్గాకే రంగు మొదలవుతుంది. అక్కడి నుంచి ఎర్రబడటానికి, మాడటానికి మధ్య ఎక్కువ సమయం ఉండదు, దగ్గరే ఉండండి.

6. తీసి నేరుగా పళ్ళెంలో పెట్టకండి. అడుగు నుంచి వచ్చే ఆవిరికి పళ్ళెం తడిసి, కరకరలాడే గళ్ళు నిమిషంలో మెత్తబడతాయి. కేకుల జాలీ మీదో, జల్లెడ బోర్లించి దాని మీదో నిమిషం ఉంచండి. అప్పటికి చీజ్ కూడా కాస్త కుదురుకుంటుంది, కోస్తే ఒలికిపోదు. పిల్లలకు ఇచ్చేముందు ఈ ఆగడం తప్పనిసరి. బయట చల్లబడినట్టు అనిపించినా లోపలి చీజ్ నాలుక కాల్చేంత వేడిగా ఉంటుంది.

నలుగురికి చేసేటప్పుడు మొదటివాటిని ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల దగ్గర జాలీ మీద ఉంచండి. లేకపోతే కాలింది కాలినట్టు తినేయమనండి, ఎవరూ అడ్డు చెప్పరు. ఒక్కోటి తీశాక తర్వాతది పెట్టేముందు మూత మూసి ఒక నిమిషం మళ్ళీ వేడెక్కనివ్వడం మర్చిపోకండి.

లోపల ఇంకేం పెట్టొచ్చు

ఒకే ఒక నియమం: తడి ఉన్నది ఏదీ నేరుగా పెట్టకూడదు. టమాటా ముక్కలు పెట్టాలంటే గింజలూ రసమూ తీసేసి కండ మాత్రం, అదీ పలచగా. ఉల్లిపాయలు, క్యాప్సికమ్, మొక్కజొన్న గింజలు ముందే మూకుడులో నీరు ఇగిరేదాకా వేయించి చల్లార్చాలి. మసాలా దోసెలో పెట్టే బంగాళాదుంప కూర బాగా కుదురుతుంది, కాకపోతే పొడిగా మెదిపి ఒక పెద్ద చెంచా మాత్రమే, పైనా కిందా చీజ్ ఉండేలా. చీజ్ రెండు వైపులా ఉంటేనే అది జిగురులా కూరను పట్టి ఉంచుతుంది. ఒకవైపే ఉంటే కోసేటప్పుడు పై స్లైసు ఊడొస్తుంది.

మన పొడులు ఇక్కడ నిజంగా పనికొస్తాయి, తడి అసలుండదు కాబట్టి. చీజ్ మీద అర చెంచా కరివేపాకు కారమో, నల్లకారమో చల్లితే కొవ్వుకు కారం భలే సరిపోతుంది. పచ్చళ్ళ విషయంలో జాగ్రత్త. ఆవకాయలో నూనె ఎక్కువ, అది బ్రెడ్డుకు పట్టి గళ్ళలోంచి కారుతుంది. ముక్క లేకుండా, నూనె వడకట్టిన పిండి భాగం పావు చెంచా చాలు. గోంగూర పచ్చడి కొంచెం బిరుసుగా ఉంటుంది కాబట్టి దానికంటే సులువు. చీజ్‌లోనూ పచ్చడిలోనూ ఉప్పుంది, ఆ రోజు వెన్న ఉప్పులేనిదే రాయండి.

పచ్చిమిర్చి తరుగు పచ్చిగానే వేయండి, మూడు నాలుగు నిమిషాల్లో సగం మగ్గి బాగుంటుంది. గుడ్డు పెట్టాలనుకుంటే పొరటు చేసి చల్లార్చింది పెట్టండి, పచ్చి గుడ్డు పోస్తే అంతా గళ్ళపాలు.

అమెరికాలో దీనికి జోడీ టమాటా సూప్. పులుపు చీజ్ జిడ్డును తేలిక చేస్తుంది, గళ్ళ గుంటలు సూప్‌ను పట్టి ఉంచుతాయి. నాలుగు పండిన టమాటాలు, ఒక చిన్న ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు వెన్నలో మగ్గించి, మిక్సీ పట్టి, వడకట్టి, మిరియాల పొడి వేసి ఒక్క పొంగు రానిస్తే చాలు. చారులో ముంచుకుంటే ఎలా ఉంటుందంటారా? చారు మరీ పలచన, శాండ్‌విచ్ నానిపోతుంది.

కారిన చీజ్, శుభ్రం చేయడం

ఎంత జాగ్రత్త పడ్డా ఎప్పుడో ఒకసారి చీజ్ కారుతుంది. మెత్తగా సాగుతున్నప్పుడు తుడవాలని చూస్తే అంతటా పులుముకుంటుంది. అలాగే వదిలి ఇంకో రెండు నిమిషాలు కాలనివ్వండి. ఎర్రగా గట్టిపడి, అప్పచ్చిలా చెక్క గరిటె అంచుకు లేచి వస్తుంది. అది తినడానికీ బాగుంటుంది.

అన్నీ అయ్యాక ప్లగ్ తీసి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. గళ్ళ మూలల్లో ఇరుక్కున్నవి ఉంటే, తడిపి పిండిన పేపర్ నాప్కిన్లు రెండు మడిచి ప్లేట్ల మధ్య పెట్టి మూత వేయండి. మిగిలిన వెచ్చదనానికీ తడికీ అయిదు నిమిషాల్లో నానిపోతాయి. తర్వాత మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవండి. కత్తి, స్టీలు పీచు, గట్టి స్క్రబ్బర్ ఏవీ వద్దు, నాన్‌స్టిక్ పూత గీసుకుపోయిందంటే ఇక ప్రతి శాండ్‌విచ్చూ అక్కడే అంటుకుంటుంది. ప్లేట్లు ఊడివచ్చే మోడల్ కాకపోతే మిషన్‌ను కుళాయి కింద పెట్టడం అనే ఆలోచనే చేయకండి.

మిగిలిపోతే

ఒకటి రెండు మిగిలితే చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మర్నాటికి బాగానే ఉంటాయి. మైక్రోవేవ్‌లో పెడితే బ్రెడ్ రబ్బరులా సాగుతుంది. వాఫిల్ మేకర్‌నే తక్కువ వేడి మీద పెట్టి, పాత గళ్ళలోనే కూర్చోబెట్టి, మూత ఒత్తకుండా రెండు మూడు నిమిషాలు ఉంచితే మళ్ళీ కరకరలాడుతుంది. పిల్లల లంచ్ బాక్సుకు మాత్రం ఇది సరైన వంట కాదు. మూత పెట్టిన డబ్బాలో గంటకే చెమ్మగిల్లి, మధ్యాహ్నానికి చల్లటి చీజ్, మెత్తటి బ్రెడ్ మిగులుతాయి. ఆ పూటకు పెనం మీద చేసిన మామూలు కూర శాండ్‌విచ్ పెట్టి, దీన్ని వాళ్ళు బడి నుంచి ఇంటికి వచ్చాక చేయండి.